ఓటు లేని కుర్రాళ్ళు తలుపు తట్టిన చలికాలం

అమెరికా ఈశాన్య మూలన న్యూహాంప్‌షైర్ అని ఒక చిన్న రాష్ట్రం. 1968లో చలి ఇంకా వదలని రోజుల్లో, శని ఆదివారాలు వస్తే చాలు, అక్కడి ఊళ్ళలో కాలేజీ కుర్రాళ్ళు గుంపులుగా దిగేవారు. బయల్దేరే ముందు వాళ్ళలో చాలామంది కటింగ్ షాపుకి వెళ్ళి జులపాలు కత్తిరించుకున్నారు, గడ్డాలు తీయించుకున్నారు. ఆడపిల్లలు పొట్టి గౌన్లు పెట్టెలో పెట్టేసి పొడుగువి వేసుకున్నారు. ఆ కాలపు అమెరికన్ యువతకి పొడుగు జుట్టు అంటే పెద్దల లోకాన్ని కాదన్నామని చాటే జెండా. దాన్ని వదులుకోవడం చిన్న సంగతి కాదు. కానీ గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు చెప్పాలంటే ముందు ఆ ఇంటివాళ్ళు తలుపు తియ్యాలి కదా!

వాళ్ళు అడుగుతున్నది ఓటు. యూజీన్ మెకార్థీ అనే సెనేటరుకి వెయ్యమని. అడిగేవాళ్ళలో చాలామందికి మాత్రం ఓటే లేదు. అప్పటి చట్టాల ప్రకారం పద్దెనిమిదిన్నర ఏళ్ళు నిండినవాణ్ణి సైన్యంలోకి పిలవొచ్చు. ఓటు వెయ్యాలంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ 21 నిండాలి. వియత్నాం వెళ్ళి చావవలసినవాడికి, తనను పంపేది ఎవరో తేల్చే హక్కు లేదు. అందుకే హక్కున్న పెద్దవాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళాడు.

మన పాఠకులకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దగ్గర ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో పార్టీ పెద్దలే తేలుస్తారు. బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్ళు అభ్యర్థి, రానివాళ్ళది అలక. ఓటరు దగ్గరికి సంగతి వచ్చేసరికి సగం నిర్ణయం అయిపోయి ఉంటుంది. అమెరికాలో ఆ మొదటి సగం కూడా ఓటరుదేనని చెప్పే ఏర్పాటు ప్రైమరీ. పార్టీ అభ్యర్థి ఎవరో ఆ పార్టీ ఓటర్లే రాష్ట్రాలవారీగా ఓటేసి చెబుతారు. అయితే 1968 నాటికి ఈ ఏర్పాటు పదిహేను రాష్ట్రాల దాకానే ఉండేది. మిగతా చోట్ల, పార్టీ మహాసభకి వెళ్ళి అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల్ని పార్టీ నాయకులే మూసిన గదుల్లో కూర్చుని ఎంచుకునేవారు. ఈ తేడా చివరికి ఎంత పని చేసిందో ముందు ముందు చూద్దాం.

అప్పటి అధ్యక్షుడు డెమోక్రాటిక్ పార్టీకి చెందిన లిండన్ జాన్సన్. 1964లో 61 శాతం ఓట్లతో గెలిచిన మనిషి. ఆ ఎన్నికల్లో ఆయన శాంతి కోరేవాడిగా, ఎదుటి రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ యుద్ధం కోరేవాడిగా జనానికి కనిపించారు. మూడేళ్ళు తిరిగేసరికి వియత్నాంలో అమెరికన్ సైనికులు ఐదు లక్షలకి చేరువయ్యారు. గెలుపు దగ్గర్లోనే ఉందని ప్రభుత్వం చెబుతూనే ఉంది. 1968 జనవరి ఆఖరున, వియత్నామీల కొత్త సంవత్సరం టెట్ పండగ నాడు, కమ్యూనిస్టు శత్రువు ఏకకాలంలో దక్షిణ వియత్నాంలోని చాలా పట్టణాల మీద విరుచుకుపడ్డాడు. సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే చొరబడ్డాడు. సైనికపరంగా ఆ దాడి విఫలమైంది. కానీ ఇళ్ళలో టీవీ ముందు కూర్చున్న అమెరికన్లకి తగిలిన దెబ్బ వేరు. ఇన్నాళ్ళూ మాకు చెప్పింది నిజమేనా అన్న అనుమానం మొదలైంది. దాని మీద, ప్రైమరీకి సరిగ్గా రెండు రోజుల ముందు, మార్చి 10న, సేనాని వెస్ట్‌మోర్లాండ్ ఇంకో 2,06,000 మంది సైనికుల్ని అడుగుతున్నాడని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది.

మెకార్థీ జనాన్ని ఉర్రూతలూగించే వక్త కాదు. మిన్నెసోటా నుంచి వచ్చిన సెనేటరు, కవిత్వం రాసుకునేవాడు, యువకుడిగా ఉన్నప్పుడు కొంతకాలం క్రైస్తవ మఠంలో గడిపినవాడు. గొంతు పెంచేవాడు కాదు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ సొంత పార్టీ అధ్యక్షుడి మీద నిలబడడానికి పెద్ద పెద్దవాళ్ళంతా వెనకాడినప్పుడు 1967 నవంబరు 30న నేనున్నానన్నాడు. అదొక్కటి చాలు ఆయన పేరు చరిత్రలో మిగలడానికి.

జాన్సన్ పేరు బ్యాలెట్ మీద లేదు. ఆయన అభిమానులు ఆ పేరు చేత్తో రాయాలి. పార్టీ యంత్రాంగం అందుకోసం మూడు ముక్కల కార్డులు పంచింది. వాటికి నంబర్లు వేసింది. ఒక ముక్క ఓటరు దగ్గర, ఒకటి రాష్ట్ర పార్టీ దగ్గర, మూడోది వైట్‌హౌస్‌కి. అధ్యక్షుడికే ఓటేస్తామని సంతకం పెట్టమన్నారు. ఓటు గుట్టుగా వేసుకునేది అనుకునే కొండప్రాంతపు జనానికి ఇది గుచ్చుకుంది. మెకార్థీకి ఓటేస్తే శత్రువు సంతోషిస్తాడన్న ప్రచారం కూడా ఎదురు తిరిగింది. అధ్యక్షుడి మాట మీద సందేహపడితే దేశద్రోహమా అని ఆలోచించే జనం అక్కడ ఉన్నారు.

మార్చి 12న ఫలితం వచ్చింది. జాన్సన్‌కి 49 శాతం, మెకార్థీకి 42. లెక్కన గెలిచింది జాన్సనే. రిపబ్లికన్ బ్యాలెట్ల మీద జనం చేత్తో రాసిన పేర్లు కూడా కలిపితే ఇద్దరి మధ్య తేడా 230 ఓట్లు! పైగా మహాసభకి వెళ్ళే 24 మంది ప్రతినిధుల్లో 20 మంది మెకార్థీ వైపు గెలిచారు.

పత్రికలు దీన్ని శాంతి ఓటు అన్నాయి. ఇప్పటికీ చాలా పుస్తకాల్లో అలాగే ఉంటుంది. కానీ మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓటర్లని అడిగి చూస్తే తేలింది వేరు. మెకార్థీకి ఓటేసినవాళ్ళలో, యుద్ధాన్ని ఇంకా గట్టిగా చెయ్యాలనేవాళ్ళు ఆపెయ్యాలనేవాళ్ళ కన్నా ఎక్కువ. ఇద్దరు ఆపమంటే ముగ్గురు కొట్టమన్నారు! ఈ ముక్క చదివి జనానికి ఏమీ తెలియదని పెదవి విరిచేవాళ్ళుంటారు. నాకలా అనిపించదు. జనం తమకి తెలిసినదే చెప్పారు: ఈ మనిషి మాకు నిజం చెప్పడం లేదు. యుద్ధం కావాలన్న తండ్రికీ, వద్దన్న తల్లికీ ఆ ఒక్క విషయంలో అభిప్రాయం ఒకటే. బ్యాలెట్ మీద అనుమానం రాయడానికి గడి ఉండదు, పేరు రాయడానికే ఉంటుంది. ఆ రోజు వాళ్ళకి దొరికిన పేరు మెకార్థీ.

నాలుగు రోజులకి, మార్చి 16న, రాబర్ట్ కెన్నెడీ బరిలోకి దిగాడు. చనిపోయిన అధ్యక్షుడి తమ్ముడు. మంచులో తిరిగిన కుర్రాళ్ళకి మండిపోయింది. దారి మేం వేస్తే నడిచేది ఈయనా అని. ఆ కోపంలో న్యాయముంది. కెన్నెడీ మీద అనుమానాలకీ కొదవలేదు: పదవి కోసం ఎంతకైనా తెగిస్తాడని పాతకాలం నుంచీ ఉన్న మాట. అయితే మార్చి 10నే ఆయన కాలిఫోర్నియాలోని డెలానోలో, 25 రోజుల ఉపవాసం విరమిస్తున్న సీజర్ చావెజ్ పక్కన కూర్చుని ఉన్నాడు. ద్రాక్షతోటల్లో కూలికి పోయే మెక్సికన్ కుటుంబాల నాయకుడు చావెజ్. గాంధీ దారి తనదని చెప్పుకున్న మనిషి. ఆ కూలీలకి కెన్నెడీ అంటే తమ పక్కన కూర్చున్నవాడు.

మార్చి 31 రాత్రి జాన్సన్ టీవీలో మాట్లాడుతూ ఉత్తర వియత్నాం మీద బాంబు దాడులు తగ్గిస్తున్నానని చెప్పి, ప్రసంగం చివర మళ్ళీ అధ్యక్ష పదవికి పోటీ చెయ్యనన్నాడు. 1952లో ట్రూమన్ కూడా న్యూహాంప్‌షైర్‌లో సెనేటర్ కీఫావర్ చేతిలో ఓడిన నెలలోనే తప్పుకున్నాడు. అధికారంలో ఉన్న అధ్యక్షుణ్ణి ఈ చిన్న రాష్ట్రం కుదిపేయడం అది రెండోసారి.

నాలుగు రోజులకి మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. ఆ సాయంత్రం ఇండియానాపోలిస్‌లో నల్లజాతివాళ్ళ పేటలో కెన్నెడీ సభ. పోలీసులు వద్దన్నారు. వెళ్ళాడు. లారీ మీద నిలబడి, చాలామందికి ఇంకా తెలియని ఆ కబురు తానే చెప్పాడు. మా అన్ననీ ఒక తెల్లవాడే చంపాడని బహిరంగంగా చెప్పడం అదే మొదటిసారి. ఆ వారం ఎన్నో నగరాలు తగలబడ్డాయి. ఇండియానాపోలిస్ పెద్ద అల్లర్లు లేకుండా నిలిచింది.

మే 7న ఇండియానాలో కెన్నెడీ గెలిచాడు. మే 28న ఓరెగాన్‌లో మెకార్థీ. నల్లవాళ్ళు, మెక్సికన్లు పెద్దగా లేని, బతుకు సాఫీగా సాగే రాష్ట్రం అది. కెన్నెడీ చెప్పే ఆకలీ అన్యాయమూ అక్కడివాళ్ళ తలుపు తట్టలేదు. పైగా ఓటుకి నాలుగు రోజుల ముందు, న్యాయశాఖ చూసే రోజుల్లో కింగ్ ఫోన్ వినడానికి అనుమతిచ్చింది ఈ కెన్నెడీయేనన్న కథనం పత్రికలకెక్కింది. అది నిజం. నమ్మకం పెట్టుకున్నవాళ్ళని నిజం కూడా గాయపరుస్తుంది. అయినా వారం తిరిగేసరికి కాలిఫోర్నియాలో నల్లవాళ్ళూ, మెక్సికన్ కూలీలూ ఆయన్ని గెలిపించారు: కెన్నెడీకి 46, మెకార్థీకి 42. ఆయన తప్పులు వాళ్ళకి తెలియక కాదు. తమ దగ్గరికి వచ్చినవాళ్ళు అంతకుముందు ఎంతమందని లెక్కేసుకున్నారు.

జూన్ 4 అర్ధరాత్రి దాటాక లాస్‌ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటల్‌లో గెలుపు ప్రసంగం ముగించి, వంటగది దారిన వెళుతుండగా కెన్నెడీని కాల్చారు. జూన్ 6న కన్నుమూశాడు. 8న న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ దాకా ఆయన శవపేటికతో రైలు వెళ్ళింది. దారి పొడుగునా పట్టాల పక్కన తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ నిలబడి చూశారు.

ఇంతకీ పార్టీ అభ్యర్థి ఎవరయ్యారు? ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ. ఏప్రిల్ 27న రంగంలోకి వచ్చాడు. ఒక్క ప్రైమరీలోనూ నిలబడలేదు. చేత్తో రాసిన పేర్లతో ఆయనకి వచ్చినవి రెండు శాతం చుట్టూ. కానీ మూసిన గదుల్లో ఎంపికైన ప్రతినిధులు ఆయన వెనక ఉన్నారు. ఆగస్టులో షికాగో మహాసభలో 1,760 దాకా ఓట్లు హంఫ్రీకి, 601 మెకార్థీకి. యుద్ధం ఆపాలన్న తీర్మానం కూడా వీగిపోయింది. హాలు బయట వీధుల్లో మేయర్ డేలీ పోలీసులు లాఠీలతో కుర్రాళ్ళ తలలు పగలగొడుతుంటే దేశమంతా టీవీలో చూసింది. హంఫ్రీ దుర్మార్గుడు కాదు. పౌరహక్కుల కోసం 1948 నుంచీ గట్టిగా నిలబడినవాడు. కానీ ప్రైమరీ ఓటర్లు ఎన్నుకోని మనిషిగా వచ్చాడు, ఆ లోటు ఏ మంచితనమూ పూడ్చలేదు. నవంబరులో నిక్సన్ 43.4 శాతంతో, ఒక్క శాతం లోపు తేడాతో గెలిచాడు.

ఆ అవమానం నుంచే ఈనాటి ప్రైమరీలు పుట్టాయి. 1969లో సెనేటర్ మెక్‌గవర్న్ ఆధ్వర్యంలో డెమోక్రాట్లు కమిషన్ వేసి నిబంధనలు మార్చారు. ప్రతినిధుల ఎంపిక బహిరంగంగా, ముందే చెప్పిన నియమాలతో జరగాలన్నారు. ప్రైమరీలు పెరిగాయి, రెండో పార్టీ కూడా అదే దారి పట్టింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో 18 ఏళ్ళకే ఓటొచ్చింది. న్యూహాంప్‌షైర్ గుమ్మాల్లో నిలబడ్డ కుర్రాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఆ ఓటు వేశారు.

1968లోనే ఇంకో సంగతి కూడా జరిగింది. 1965 వలస చట్టంలో దేశాలవారీ కోటాలు ఎత్తేసిన ఏర్పాటు 1968 జులై 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. కెన్నెడీ అంత్యక్రియలకీ షికాగో మహాసభకీ నడుమ. మన డాక్టర్లూ ఇంజనీర్లూ అమెరికా వెళ్ళగలిగింది ఆ తెరిచిన తలుపు గుండానే. ఈవేళ న్యూజెర్సీ, టెక్సాస్‌లలో తెలుగు కుటుంబాలు ఓటర్లు. వాళ్ళకీ ఆశలున్నాయి, అనుమానాలున్నాయి: వీసా, పిల్లల చదువు, దుకాణం మీద పన్ను, తమని ఎవరు తమవాళ్ళంటారన్న దిగులు.

హంఫ్రీ నాటి లోటు 2024లో మళ్ళీ కనిపించింది: ప్రైమరీలన్నీ ముగిశాక జులై 21న అప్పటి అధ్యక్షుడు బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ ఏడాది ప్రైమరీల్లో నిలబడని ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ అభ్యర్థి అయ్యారు. ఆగస్టులో మహాసభ మళ్ళీ షికాగోలోనే. నియమాల ప్రకారమే జరిగింది, అయినా ఓటర్లు ఎన్నుకున్న పేరు అది కాదన్న వెలితి మిగిలింది.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ అబ్బాయో అమ్మాయో ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక మాట అడగండి: ప్రైమరీలో ఓటు వేస్తున్నావా అని. కొన్ని రాష్ట్రాల్లో గడువు లోపు ఏదో ఒక పార్టీ ఓటరుగా పేరు నమోదు చేసుకోనివాళ్ళకి ఆ రోజు బ్యాలెట్ ఇవ్వరు.