కారవాన్ ఆనింగులో నిద్రించుట

కారవాన్ అనగా కారు వెనుక తగిలించి లాగుకొనిపోయే, చిన్న ఇల్లు వంటి బండి. దాని పక్కగోడకు ఆనించి వేసే గుడ్డ గుడారాన్ని ఆనింగు అంటారు. మన పల్లెలలో ఇంటి చూరుకు ఆనించి వేసే వసారా వంటిదే ఇది. బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్ వంటి దేశాలలో సెలవులకు కారవాన్‌లో వెళ్ళే కుటుంబాలు దీనిని విరివిగా వాడతాయి. పగటిపూట కూర్చొనుటకు, సామాను పెట్టుకొనుటకు ఇది ఉద్దేశించబడినది. అయితే కారవాన్‌లో పడకలు చాలనప్పుడు పిల్లలను, అతిథులను ఇందులో పడుకోబెట్టడం కూడా ఆచారంలో ఉంది. బ్రిటన్‌లో ఇలా పడుకొనుటను నిషేధించే ప్రత్యేక చట్టమేదీ లేదు. అనుమతి ఆయా క్యాంపు స్థలాల నియమాలను బట్టి ఉంటుంది. భద్రత మాత్రం ఆనింగు లోపల, దాని పక్కన ఏమి మండుతున్నది అనే దానిపై ఆధారపడి ఉంటుంది.

నిర్మాణం, రకాలు

కారవాన్ పక్కగోడ పైభాగంలో సన్నని గాడి ఉంటుంది. ఆనింగు అంచుకు కుట్టిన తాడు వంటి పట్టీని ఆ గాడిలోకి జొనిపి లాగుతారు. తరువాత లోపల గొట్టపు కమ్మీలు నిలబెట్టి, అంచులను మేకులతో నేలకు బిగిస్తారు. కమ్మీలకు బదులు గాలి నింపిన గొట్టాలతో నిలబడే రకాలు కూడా ఉన్నాయి.

* పూర్తి ఆనింగు: కారవాన్ పక్కభాగం మొత్తాన్ని కప్పుతుంది.
* పోర్చి ఆనింగు: ద్వారం చుట్టూ మాత్రమే ఉంటుంది.
* అనెక్స్: ఆనింగుకు పక్కన చేర్చే అదనపు గది. సాధారణంగా పడకగదిగా వాడతారు.
* లోపలి గుడారం: ఆనింగు లేదా అనెక్స్ లోపల వేలాడదీసే పలుచని గుడ్డ గది. పడుకొనేవారికి చాటు కల్పిస్తుంది.

అనుమతి

ఇంగ్లండు, వేల్స్‌లలో కారవాన్ స్థలాలు 1960 నాటి కారవాన్ స్థలాల చట్టానికి లోబడి ఉంటాయి. సాధారణంగా స్థానిక ప్రభుత్వం నుండి లైసెన్సు పొందవలెను. గుర్తింపు పొందిన సంఘాలకు ఇందులో కొన్ని మినహాయింపులు కలవు. సంఘాల ధ్రువీకరణతో నడిచే చిన్న స్థలాలలో 5 కారవాన్ల వరకు నిలపవచ్చు.

లైసెన్సు షరతులలో ముఖ్యమైనది బండ్ల మధ్య దూరం. పర్యాటక కారవాన్ స్థలాలకు 1983లో రూపొందించిన నమూనా ప్రమాణాల ప్రకారం వేర్వేరు కుటుంబాల బండ్ల మధ్య 6 మీటర్ల ఎడం ఉండవలెను. ఏ పరిస్థితిలోనూ అది 3 మీటర్లకు తగ్గరాదు. ఒకచోట పుట్టిన నిప్పు పక్క బండికి అంటుకొనకుండా ఉండుటకే ఈ నియమం. పెద్ద ఆనింగు ఈ ఖాళీని ఆక్రమిస్తుంది కావున కొన్ని స్థలాలు దాని పరిమాణానికి హద్దు విధిస్తాయి. ఆనింగు వేయరాని పిచ్‌లను విడిగా కేటాయించే స్థలాలు కూడా ఉన్నాయి.

ఆనింగులో నిద్రించేవారిని కూడా లెక్కలో చూపి, తలకు ఇంత చొప్పున రుసుము చెల్లించవలసి ఉంటుంది. అగ్నిప్రమాదం జరిగినప్పుడు ఎవరెక్కడ ఉన్నారో తెలియుటకు కూడా ఈ లెక్క ఉపయోగపడుతుంది. కావున స్థలం కేటాయించుకొనునప్పుడే ఆనింగు కొలత, పడుకొనేవారి సంఖ్య తెలిపి అనుమతి పొందుట మంచిది.

జర్మనీలో ప్రధాన రహదారుల పక్కనున్న విశ్రాంతి స్థలాలలో, డ్రైవరు అలసట తీర్చుకొనుటకు బండిలో ఒక రాత్రి పడుకొనవచ్చు. అక్కడ ఆనింగు వేస్తే అది విశ్రాంతి కాక క్యాంపింగ్‌గా లెక్కించబడుతుంది. దానికి అనుమతి లేదు.

ప్రమాదాలు

కార్బన్ మోనాక్సైడ్

అన్నిటికన్న పెద్ద ప్రమాదం ఇదే. ఇంధనం సరిగా మండనప్పుడు ఈ వాయువు పుడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. నిద్రలో ఉన్నవారు ప్రమాదాన్ని గుర్తించకుండానే స్పృహ కోల్పోతారు.

గుడ్డ గోడలలో నుండి గాలి ఆడుతుంది కదా అని భావించుట పొరపాటు. జిప్పులు మూసిన ఆనింగులో ఈ వాయువు ప్రాణాపాయం కలిగించే స్థాయికి చేరగలదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి ఎంత ప్రమాదమో, ఆనింగులో బార్బెక్యూ కూడా అంతే. మంట ఆరి చల్లబడినట్లు కనిపించినా బొగ్గులు గంటల తరబడి ఈ వాయువును వదులుతూనే ఉంటాయి. 2012 మే నెలలో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ కౌంటీలో, గుడారంలో ఉంచిన బార్బెక్యూ నుండి వెలువడిన వాయువు వలన ఒక బాలిక మరణించింది.

కారవాన్‌లోని ఫ్రిజ్, నీటి హీటరు గ్యాసుతో పనిచేయునప్పుడు వాటి పొగ పక్కగోడలోని రంధ్రాల గుండా బయటకు పోతుంది. కొన్ని నమూనాలలో ఆ రంధ్రాలు ఆనింగు వైపునే తెరుచుకుంటాయి. అట్టి కారవాన్‌లకు ఆనింగు వేసి పడుకొనునప్పుడు ఆ పరికరాలను విద్యుత్తుపై నడపవలెను, లేదా ఆపివేయవలెను. పొగ రంధ్రాలను గుడ్డతో మూయుట మరింత ప్రమాదకరం.

వంటగ్యాసు

ప్రొపేన్, బ్యూటేన్ గాలి కన్న బరువైనవి. కారినప్పుడు అవి నేలను అంటిపెట్టుకొని వ్యాపిస్తాయి. ఇందుకే కారవాన్ అడుగుభాగంలో గ్యాసు బయటకు జారిపోయే రంధ్రాలు ఉంచుతారు. అలా జారిన గ్యాసు ఆనింగులోకి రావచ్చు. పడుకొనేవారు నేలపైనే ఉంటారు కావున గ్యాసు సిలిండరును, పొయ్యిని ఆనింగులో ఉంచరాదు.

అగ్ని, గాలి

ఆనింగు గుడ్డ అంటుకొంటే అతి స్వల్పకాలంలో కాలిపోతుంది. కొవ్వొత్తులు, లాంతర్లు, సిగరెట్లు లోపల వాడరాదు. విద్యుత్ తీగను చుట్టగా ఉంచి వాడితే వేడెక్కుతుంది, కావున పూర్తిగా విప్పి పరచవలెను. తుఫాను గాలులలో మేకులు ఊడి కమ్మీలు మీద పడవచ్చు. గాలివాన హెచ్చరిక ఉన్న రాత్రి అందరూ కారవాన్ లోపలే పడుకొనుట మేలు.

జాగ్రత్తలు

* కార్బన్ మోనాక్సైడ్ అలారాన్ని కారవాన్‌లోనే కాక, పడుకొనే ఆనింగులో కూడా ఉంచవలెను. ఇటువంటి బండ్లకు ఈఎన్ 50291-2 ప్రమాణం గల అలారం తగినది. వాయువు పది లక్షల భాగాలలో 300 భాగాలకు చేరితే ఇది 3 నిమిషాలలోపు మోగవలెను.
* అలారం ఉన్నది కదా అని బార్బెక్యూను లోపలికి తేరాదు.
* గాలి రంధ్రాలను తెరిచి ఉంచవలెను.
* పడకకు, ద్వారానికి మధ్య సామాను అడ్డు లేకుండా చూడవలెను. జిప్పు లోపలి నుండి తీయుట పిల్లలకు నేర్పవలెను.
* చిన్నపిల్లలను ఆనింగులో ఒంటరిగా పడుకోబెట్టరాదు.

విష లక్షణాలు, ప్రథమ చికిత్స

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మగత ముఖ్య లక్షణాలు. జ్వరం లేకుండానే ఫ్లూ వచ్చినట్లు ఉంటుంది. ఒకేచోట పడుకొన్న పలువురికి ఒకేసారి ఇలా ఉంటే కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించవలెను. వెంటనే అందరినీ ఆరుబయటకు తేవలెను. బ్రిటన్‌లో 999 లేదా 112 నంబరుకు ఫోను చేయవలెను. బయటి గాలికి తేరుకొన్నట్లు కనిపించినా వాయువు రక్తంలో కొన్ని గంటలు నిలిచి ఉంటుంది. కావున ఆసుపత్రిలో పరీక్ష, ఆక్సిజన్ చికిత్స అవసరం.

ఇవి కూడా చూడండి

* కార్బన్ మోనాక్సైడ్
* గుడారం
* ద్రవీకృత పెట్రోలియం వాయువు
* ప్రథమ చికిత్స