డిస్కౌంట్ లేని చోట పోటీ ఎలా ఉంటుంది? జపాన్ పుస్తకాల షాపుల కథ

ఈ వీడియోలు మొదలుపెట్టక ముందు నేను ఒక ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీకి కోడ్ రాసేవాణ్ణి. నా పని ఏంటంటే, పక్క సైట్‌లో అదే వస్తువు ఎంతకి ఉందో చూసి మన రేటు ఇంకాస్త కిందకి దించే ప్రోగ్రామ్ రాయడం. పోటీ అంటే రేటు తగ్గించడమే అని అప్పుడే నా బుర్రలో ఫిక్స్ అయిపోయింది. తర్వాత జపాన్ పుస్తకాల షాపుల గురించి చదివాను. నా కోడ్‌కి అక్కడ పనే లేదు! టోక్యోలో పెద్ద షోరూమ్‌లో 1,000 యెన్‌లు ఉన్న కొత్త నవల, ఎక్కడో కొండ ఊళ్లో చిన్న షాపులో కూడా 1,000 యెన్‌లే. అమెజాన్‌లో కూడా అంతే. మరి రేటు కదలకపోతే షాపులు దేనితో పోటీ పడతాయి?

ముందు ఒక క్లారిటీ. మన పుస్తకాల మీద ఉండే ఎమ్మార్పీ పై హద్దు మాత్రమే. తక్కువకి అమ్మితే ఎవరూ అడగరు. జపాన్‌లో అచ్చేసిన ధర పై హద్దూ అదే, కింది హద్దూ అదే. దీన్ని సైహన్ పద్ధతి అంటారు. డిస్కౌంట్ ఇస్తే చట్టం ఊరుకోదు అని చాలామంది చెప్తారు గానీ, అది కరెక్ట్ కాదు. "ఈ ధరకే అమ్మాలి" అని పబ్లిషర్ కాంట్రాక్ట్ రాయించుకుంటే తప్పు పట్టం అని మాత్రమే చట్టం అంటుంది. అదే పని ఒక టీవీ కంపెనీ చేస్తే కేసే.

ఇది ఎక్కడ మొదలైంది? 1909లో ఒక పబ్లిషర్ 'ఫుజిన్ సెకాయ్' అనే ఆడవాళ్ల పత్రికని, అమ్ముడుపోకపోతే వెనక్కి పంపేయండి అనే షరతు మీద షాపులకి ఇచ్చాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1913లో ఇవనామి షిగెయో అనే ఆయన టోక్యోలోని జింబోచోలో పాత పుస్తకాల షాపు తెరిచాడు. పాత పుస్తకాలంటే బేరం ఆడాల్సిందే అనుకునే రోజులవి. ఈయన మాత్రం రాసిన ధరకే అమ్ముతా, బేరం లేదు అన్నాడు. పిచ్చోడనుకుని ఉంటారు! తర్వాతి ఏడాది నత్సుమె సొసెకి నవల 'కొకొరో' అచ్చేసింది ఈయనే. 1919కల్లా టోక్యో పుస్తక వ్యాపారుల సంఘం సభ్యులందరికీ ఒకే ధర అనే రూల్ పెట్టుకుంది.

యుద్ధం తర్వాత, 1947లో, అమెరికా ఆక్రమణలో ఉన్నప్పుడు జపాన్‌కి గుత్తాధిపత్య నిరోధక చట్టం వచ్చింది. దాని ప్రకారం చూస్తే ఇలాంటి ధర కట్టడి చెల్లదు. కానీ 1953 సవరణలో పుస్తకాలు, పత్రికలు, న్యూస్‌పేపర్లు, గ్రామఫోన్ రికార్డులకి మినహాయింపు ఇచ్చారు. సంస్కృతిని కాపాడటం కోసం అని ఇప్పుడు గట్టిగా చెప్తారు గానీ, అసలు కారణం సింపుల్. అప్పటికే నడుస్తున్న ఆచారానికి చట్టం ముద్ర వేసింది, అంతే.

ఇప్పుడు 1909 షరతు దగ్గరికి వెనక్కి వద్దాం. అసలు విషయం అక్కడే ఉంది. షాపులో స్టాక్ మిగిలితే మామూలుగా ఏం చేస్తారు? సగం ధరకి వదిలించుకుంటారు. జపాన్‌లో ఆ దారి లేదు. అందుకే వెనక్కి పంపుతారు. నూటికి ముప్పై నుంచి నలభై పుస్తకాలు ఇలా తిరిగి వెళ్లిన ఏళ్లు చాలా ఉన్నాయి. అందులో కొన్ని చివరికి గుజ్జు అయిపోతాయి. అంటే డిస్కౌంట్ ఖర్చు మాయమవ్వలేదు. లారీల ఖర్చుగా, కాగితం ఖర్చుగా మారింది, అది మళ్లీ పుస్తకం ధరలోనే కలుస్తుంది.

ఇంకో మెలిక ఉంది. షాపుకి నష్టం భయం లేదు కాబట్టి, ఏ షాపుకి ఏ కొత్త పుస్తకం ఎన్ని కాపీలు అనేది ఎక్కువగా షాపు ఓనర్ నిర్ణయించడు. 1949లో పుట్టిన తొహాన్, నిప్పాన్ అనే రెండు పెద్ద హోల్‌సేల్ కంపెనీలే షాపు సైజు, పాత అమ్మకాలు చూసి పంచుతాయి. ఊళ్లో చిన్న షాపుకి హిట్ నవల ఒకటో రెండో కాపీలు వస్తే గొప్ప, అసలు రాకపోవచ్చు కూడా. ధర అందరికీ ఒకటే, సరుకు మాత్రం కాదు. కాబట్టి అక్కడ పోటీ అంటే రైల్వే స్టేషన్ పక్కన చోటు సంపాదించడం, వరసలు వరసలుగా అల్మారాలు నింపడం, హోల్‌సేలర్ దగ్గర మాట చెల్లడం. చిన్న షాపు ధర దగ్గర ఓడిపోలేదు, కాపీలు రాక ఓడిపోయింది. సైహన్ చిన్న షాపులకి గొడుగు అని చెప్పేవాళ్లు ఈ ముక్క దాటేస్తారని నాకనిపిస్తుంది.

రూల్‌కి కన్నాలు కూడా ఉన్నాయండోయ్. యూనివర్సిటీ సహకార సంఘాలకి ఈ కట్టడి వర్తించదు, అందుకే స్టూడెంట్లకి క్యాంపస్‌లో పది శాతం దాకా తగ్గుతుంది. పాత పుస్తకాలకీ వర్తించదు. 1990లో సగమిహరలో మొదటి షాపు తెరిచిన బుక్ ఆఫ్ సరిగ్గా ఆ కన్నంలోంచే దూరింది. జింబోచో టైపు మసక దుకాణం కాదు, సూపర్‌మార్కెట్‌లా వెలుగులు, 100 యెన్‌ల అర. కొత్త పుస్తకం ధర కదలదు కాబట్టి, నిన్నటి పుస్తకం అంత చవగ్గా దొరకడం పెద్ద ఆకర్షణ అయింది.

ప్రభుత్వం ఊరుకుందా అంటే, లేదు. ధరల పోటీని చూసే ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 1970ల చివర్లో దీన్ని ఎత్తేయాలని గట్టిగానే కదిలింది. 1980లో కొంత సడలింపు వచ్చింది. 2001 మార్చిలో, ప్రస్తుతానికి ఉంచుతాం అని తేల్చారు. ఆ ప్రస్తుతానికి ఇంకా నడుస్తోంది.

దానికి కొన్ని నెలల ముందే, 2000 నవంబర్‌లో, అమెజాన్ జపాన్‌లో దిగింది. నా పాత ఉద్యోగం బుర్రతో చూస్తే ఇదే మంచి సీన్. రేటు తగ్గించడం అనే ఆయుధం లేదు. కానీ తగ్గించాల్సిన అవసరమూ లేదు! మార్జిన్ చేతిలోనే ఉంటుంది. దాంతో ఫ్రీ డెలివరీ, స్పీడ్, తరగని స్టాక్. ఊళ్లో షాపులో ఆర్డర్ పెడితే వారం, పది రోజులు. ఇక్కడ అదే ధరకి రేపు ఇంటికొస్తుంది. ధర యుద్ధం నుంచి కాపాడిన గోడ, డెలివరీ యుద్ధాన్ని ఆపలేదు. ఫ్రాన్స్ దీన్ని పట్టుకుంది. 2023 నుంచి 35 యూరోల లోపు పుస్తకాల ఆర్డర్‌కి కనీసం 3 యూరోల డెలివరీ చార్జీ తీసుకోవాలని రూల్ పెట్టింది. జపాన్‌లో అలాంటిది లేదు. ఇక ఈ-బుక్స్‌కైతే సైహనే వర్తించదు, అవి వస్తువు కాదట. అక్కడ సేల్ మీద సేల్.

షాపులు తిరగబడ్డ సీన్ కూడా ఒకటుంది. 2015లో మురకామి హరుకి రచయితగా తన బతుకు గురించి రాసిన పుస్తకం మొదటి ముద్రణ లక్ష కాపీలు. అందులో 90,000 కాపీలు కినొకునియా అనే షాపుల చైన్ నేరుగా కొనేసింది. తన షాపుల్లో పెట్టింది, మిగతా షాపులకీ పంచింది. ఆన్‌లైన్ వాళ్లకి మిగిలింది తక్కువ. ధర మీద ఒక్క యెన్ తగ్గించకుండా చేసిన దాడి ఇది. అన్నట్టు, ఆ 90,000 కాపీలు వెనక్కి పంపే వీలు లేని ఒప్పందం, నష్టమొస్తే వాళ్లే భరించాలి.

2022 లెక్క ప్రకారం జపాన్‌లో 1,741 మున్సిపాలిటీల్లో 456 చోట్ల ఒక్క పుస్తకాల షాపు కూడా లేదు. 2024 మార్చిలో పరిశ్రమల శాఖ ఈ షాపుల కోసం ప్రత్యేకంగా ఒక టీమ్ వేసింది. 1953 మినహాయింపు మాత్రం అలాగే ఉంది.