కెమెరా కొనే ముందు బస్తర్ అడవిని అడగండి

క్యామ్‌కార్డర్ కొనడానికి దుకాణానికి వెళ్లారనుకోండి. "జూమ్ ఎంత? పిక్సెళ్లు ఎన్ని?" అని అడుగుతారు. దుకాణదారు చెప్పేవీ అవే. కానీ అంతకుముందు మనకు మనం వేసుకోవలసిన ప్రశ్నలు మూడున్నాయి. ఎక్కడ తీస్తాం? ఎవరికి చూపిస్తాం? ఎన్నాళ్లు దాచుకుంటాం? వీటి విలువ తెలియాలంటే చింతూరు దాటి, శబరి ఒడ్డున ఉన్న కోంటా మీదుగా బస్తర్ అడవుల్లోకి వెళదాం.

పెద్ద తెర కోసం తీసిన సినిమా

1950వ దశకంలో ఆర్నె సుక్స్‌డోర్ఫ్ అనే స్వీడన్ దర్శకుడు బస్తర్‌కు వచ్చాడు. అప్పటికే ఒక లఘుచిత్రానికి ఆస్కార్ అందుకున్నవాడు. నారాయణ్‌పూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ గ్రామంలో చెంద్రూ అనే మురియా బాలుణ్ణి ముఖ్యపాత్రగా తీసుకుని, 1957లో ఒక చిత్రం విడుదల చేశాడు. ఇంగ్లీషులో దాని పేరు 'ది ఫ్లూట్ అండ్ ది యారో'. సంగీతం పండిట్ రవిశంకర్‌ది. 1958లో అది కాన్ చలనచిత్రోత్సవంలో పోటీకి వెళ్లింది.

ఆ చిత్రం కోసం సుక్స్‌డోర్ఫ్ ఎంచుకున్నది టెక్నికలర్ రంగులు, ఆగాస్కోప్ అనే విశాల తెర పద్ధతి. ఇందులో ప్రత్యేక కటకం దృశ్యాన్ని అడ్డంగా నొక్కి 35 మి.మీ. ఫిలిం మీద ఇముడుస్తుంది. ప్రదర్శించేటప్పుడు ప్రొజెక్టరుకు బిగించిన మరో కటకం దాన్ని తిరిగి సాగదీస్తుంది. యూరప్ థియేటర్ల కోసమైతే ఇది సరైన ఎంపికే.

దాని ఖర్చు ఎంతో లెక్కవేయండి. 35 మి.మీ. ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. అంటే వెయ్యి అడుగుల చుట్ట 11 నిమిషాలకే సరి! పైగా తీసినదాన్ని అక్కడే చూసుకోవడానికి వీల్లేదు. నెగెటివును దూరానున్న ల్యాబుకు పంపి కడిగించవలసిందే. చెంద్రూ ఆడిన దృశ్యాన్ని అతని ఊరివారికి ఆ సాయంత్రమే చూపించే మార్గం ఆ పరికరంలో లేదు.

సినిమా పుణ్యమా అని చెంద్రూ స్వీడన్ చూసివచ్చాడు. తర్వాత జీవితమంతా సొంత ఊళ్లోనే, పేదరికంలోనే గడిచింది. 2013లో కన్నుమూశాడు. బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. మనిషి ఊళ్లోనే మిగిలాడు.

టేపు తెచ్చిన మార్పు

అయస్కాంత టేపుకు కడగడమనే పని లేదు. తీసిన వెంటనే వెనక్కి తిప్పి చూడవచ్చు. అయితే 1983లో సోనీ విడుదల చేసిన బీటామూవీలో ఒక చిత్రం ఉంది. గృహ వినియోగానికి వచ్చిన తొలి క్యామ్‌కార్డర్ అదే. అది రికార్డు చేసేదే గాని, తిరిగి చూపేది కాదు! చూడాలంటే ఇంట్లో విడిగా వీసీఆర్ ఉండాలి. 1984లో జేవీసీ తెచ్చిన వీహెచ్‌ఎస్-సి యంత్రం ఆ లోటు తీర్చింది. తర్వాత 1985లో వీడియో 8, 1989లో హై 8, 1995లో డిజిటల్ మినీడీవీ వచ్చాయి.

చీకటితో పేచీ

పట్టపగటి ఎండలో కాంతి సుమారు లక్ష లక్స్ ఉంటుంది. దట్టమైన సాలవృక్షాల నీడలో అది వెయ్యికి పడిపోవచ్చు. రాత్రి నెగడు చుట్టూ నాట్యం జరిగేచోట కొన్ని పదులే. ఇటువంటిచోట మిమ్మల్ని కాపాడేది జూమ్ కాదు. కాంతిని బొమ్మగా పట్టే గ్రాహకం ఎంత పెద్దదైతే, కటకం ద్వారం ఎంత విశాలమైతే బొమ్మ అంత శుభ్రంగా వస్తుంది. చాలా కెమెరాల్లో జూమ్ పెంచేకొద్దీ లోపలికి వచ్చే కాంతి తగ్గుతుంది కూడా. చుక్కలు చుక్కలుగా వచ్చిన బొమ్మను తర్వాత పూర్తిగా బాగుచేయడం కష్టం.

వానాకాలం మరో పరీక్ష. తేమ పట్టిన టేపు యంత్రంలో తిరిగే డ్రమ్ముకు అతుక్కుపోతుంది. అందుకే ఆనాటి క్యామ్‌కార్డర్లలో తేమను గుర్తించి యంత్రాన్ని ఆపే ఏర్పాటు ఉండేది. నేటి మెమరీ కార్డుకు ఆ బాధ లేదు. కానీ కటకానికి బూజు నేటికీ పడుతుంది. పెట్టెలో సిలికాజెల్ పొట్లాం వేయడం మరవకండి.

అసలు ప్రశ్న

ఇక మూడో ప్రశ్న: ఎన్నాళ్లు దాచుకుంటాం? అయస్కాంత టేపు ఆయుర్దాయం సుమారు 10 నుంచి 30 ఏళ్లు. టేపు బతికినా దాన్ని ఆడించే యంత్రం దొరకాలి కదా! 2016లో జపాన్ సంస్థ ఫునాయ్ వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. గోండి, దోర్లా, కోయ పెద్దలు చెప్పిన కథలు, పాడిన పాటలు ఎవరి అటకమీదనైనా క్యాసెట్లలో ఉంటే అవి ఇప్పటికే గడువు దాటుతున్నాయి. పాడినవారిలో ఎందరో ఇక లేరు. మళ్లీ తీద్దామంటే కుదరదు.

కాబట్టి మీ అవసరం పిల్లల పుట్టినరోజులే అయితే చేతిలోని ఫోను చాలు. అడవిలో, రాత్రివేళ, గంటల తరబడి తీయాలంటే పెద్ద గ్రాహకం, మార్చుకునే బ్యాటరీలు, మైకు తగిలించే సాకెట్ ఉన్న క్యామ్‌కార్డర్ చూడండి. ఏది కొన్నా బొమ్మలకు రెండు నకళ్లు తీసి వేర్వేరు చోట్ల ఉంచండి. మూడో నకలు, మీరు ఎవరి బొమ్మ తీశారో వారికివ్వండి. గఢ్‌బెంగాల్‌కు ఆనాడు అందనిది అదే.

కొత్త కెమెరా కొనే ముందు అటక మీది పాత క్యాసెట్లను ఒకసారి దింపి చూడండి. ముందు ఖర్చు పెట్టవలసింది బహుశా వాటికే.