ముక్కుకు నేర్పిన వాసన



ఆషాఢం రాకముందే కూర్మన్నపాలెంలో ఒక పాత ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం కానిచ్చాం. అమ్మినవారు గ్యాసు పొయ్యి, రబ్బరు గొట్టం, స్నానాల గదిలో గ్యాసు గీజరు వదిలిపెట్టి వెళ్ళారు. ఖర్చు కలిసొచ్చిందని సంబరపడ్డాను.

మర్నాడు వంటింట్లో సన్నగా వాసన. అగ్గిపుల్ల గీసి చూద్దామన్న మా తోటికోడలి చెయ్యి గభాలున పట్టుకున్నాను. కిటికీలు తీసి, సిలిండరు కట్టేశాను. కాసేపాగి సబ్బునురగ గొట్టం పొడవునా రాసి, ఒక్క క్షణం సిలిండరు తిప్పి చూద్దును గదా, పొయ్యి మొదట్లో బుడగలు! గొట్టం మీద అచ్చువేసిన గడువు ఎన్నడో దాటిపోయింది.

మనల్ని కాపాడే యీ వాసన గ్యాసుకు పుట్టుకతో వచ్చింది కాదండీ. మెర్కాప్టన్ అనే మందు కలిపి తెప్పించినది. దీని వెనక ఒక కన్నీటి కథ వుంది. 1937 మార్చి 18న అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే వూళ్ళో బడి కింద సహజవాయువు కారి నిండింది. వాసన లేదు గనక ఎవరికీ తెలియలేదు. ఒక్క నిప్పురవ్వతో బడి కూలి, దాదాపు 300 మంది పోయారు. అందులో ఎక్కువమంది పసివాళ్ళే. ఆ తర్వాతే గ్యాసుకు వాసన కలపాలని ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది. క్రమంగా చాలా దేశాలు ఆ దారి పట్టాయి.

మన విశాఖలో నూనెశుద్ధి కర్మాగారం 1957లో వచ్చింది. తర్వాత్తర్వాత బొగ్గుల కుంపట్లూ, కిరసనాయిలు స్టవ్వులూ అటకెక్కాయి. అయితే 1997 సెప్టెంబరు 14 ఆదివారంనాడు అదే కర్మాగారంలో గ్యాసు కారి అంటుకుని 60 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. వంటగ్యాసు గాలికన్నా బరువు. పైకి పోకుండా నేలబారున పాకుతుంది. అందుకే వాసన వస్తే స్విచ్చి జోలికి పోకుండా తలుపులు తెరవాలి.

ఇక గీజరు సంగతి. మా అమ్మాయి స్నానం చేసి వచ్చి, తల తిరుగుతోందమ్మా అని మంచం మీద వాలిపోయింది. ఉక్కు కర్మాగారంలో పనిచేసే మావారు ఆ మాట వింటూనే పరుగెత్తి గీజరు కట్టేశారు. చూస్తే వెంటిలేటరుకు అట్టముక్క అడ్డంపెట్టి వుంది.

అక్కడ 1990లో రాజేసిన 'గోదావరి' అనే మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలు, ప్రతి ఫర్నేసులోనూ పుట్టే వాయువులో సుమారు నాలుగోవంతు కార్బన్ మోనాక్సైడే. దానికి రంగూ వాసనా లేవు. గాలి చాలక గ్యాసు సరిగా మండకపోతే మన స్నానాల గదిలోనూ పుట్టేది అదే. ఇంగ్లండు బొగ్గుగనుల్లో దీన్ని కనిపెట్టడానికి పంజరంలో కేనరీ పిట్టల్ని తీసుకువెళ్ళేవారు. పిట్ట సోలిపోతే మనుషులు పైకి పరుగెత్తేవారు. 1986 దాకా ఆ పద్ధతి వుంది.

కారిన గ్యాసును ముక్కు పడుతుంది, ఎవరి బిడ్డలో పోయి నేర్పిన పాఠమది. రెండోదాన్ని ముక్కు పట్టలేదు, మనింట్లో పిట్టా లేదు. ఉన్నది కిటికీ ఒక్కటే. మా అమ్మాయి గాలి తగిలాక తేరుకుంది. ఆ గీజరు ఆ సాయంత్రమే ఊడదీయించాం.

పాత ఇల్లు కొన్నా, అద్దెకు దిగినా, పాలు పొంగించే ముందే గొట్టం గడువు చూడండి, సబ్బునురగ రాయండి, వెంటిలేటరు తెరవండి. గ్యాసు కారితే 1906 నంబరుకు ఫోను చెయ్యండి. ఉంటానండీ.