గ్రోస్‌గ్లోక్నర్ కొండబాట



ఈనాడు నేను మీకు విన్నవింపదలచినది ఒక కొండబాట చరిత్రము. ఆ బాట మన దేశములోనిది కాదు. ఐరోపా ఖండమునందలి ఆస్ట్రియా దేశమున, ఆల్ప్స్ పర్వతముల నడుమ నున్నది. గ్రోస్‌గ్లోక్నర్ అనునది ఆ దేశమునందలి శిఖరములన్నిటిలో ఉన్నతమైనది; దాని యెత్తు 3,798 మీటర్లు. ఆ శిఖరము ప్రక్కగా, సాల్జ్‌బుర్గ్ మండలమునుండి కారింథియా మండలమునకు, సుమారు 48 కిలోమీటర్ల పొడవున ఈ బాట పోవుచున్నది. నేను ఆ చోటికి పోయినవాడను కాను. బడిపంతులకు గ్రంథములే రథములు గదా! చదివి తెలిసికొనినదానిని మీ ముందుంచుచున్నాను.

వేసవిలో నొక ప్రాతఃకాలమును మనస్సున ఊహింపుడు. కొండక్రింద ఫెర్‌లైటెన్ అనుచోట దారిసుంకము పుచ్చుకొను గేటు కలదు. రాత్రియంతయు అది మూయబడియుండి, తెల్లవాఱుచుండగా తెఱవబడును. యాత్రికుల పెద్దబస్సులు ఇంకను రాలేదు. అప్పుడొక చిన్న కారు వచ్చును. అది నేలకంటుకొనినట్లు పొట్టిది. ఇద్దఱు మాత్రమే కూర్చుండదగినది. పైకప్పు మడిచి వెనుకకు ద్రోయబడినది. ఇట్టిదానిని స్పోర్ట్సు కారందురు. బస్తాలు మోయుటకుగాని, పిల్లలతోడి సంసారమును తీర్థమునకు చేర్చుటకుగాని అది పనికిరాదు. తేలికగా నుండుట, చుఱుకుగా నెక్కుట, మలుపులో నేలను విడువకుండుట, ఇవియే దాని గుణములు.

సుంకము చెల్లించి ఆ కారు పైకి సాగును. మొదట సూదియాకుల చెట్ల అడవి. పిదప పశువులు మేయు పచ్చికబయళ్లు. ఆపైన చెట్టును లేదు, గడ్డియు పలుచన. ఱాయియు మంచును మాత్రమే. ఒక్కొక్క మలుపునొద్ద దాని సంఖ్యయు, ఎత్తును వ్రాసిన పలక నిలిపియుందురు. బాటమీద అట్టి పెద్ద మలుపులు 36 కలవు. లోయలో నింకను చీకటి విడువకముందే పైనున్న శిఖరములకు ఎండ తగులును. బాటనుండి చీలిన యొక కొమ్మ ఎడెల్‌వైస్ శిఖరమునకు పోవును. 2,571 మీటర్ల ఎత్తున నున్న ఆ చోట నిలిచి చూచినచో మూడువేల మీటర్లకు మించిన శిఖరములు 30కి పైగా కానవచ్చును. ఇంతయు గేటునుండి అరగంటకు కొంచెము మించిన ప్రయాణము. ఆ కొద్దిసేపటి సుఖమునకు వెనుక ఎంద ఱెన్ని యేండ్లు కష్టపడిరో, ఆ కష్టము తగినదా కాదా యని ఎంత వివాదము జరిగెనో చెప్పుటయే నా ప్రసంగోద్దేశము.

కారు పుట్టుటకు ఎన్నియో శతాబ్దులకు ముందే ఆ కనుమమీద మనుష్యులు నడచిరి. బాట దాటు ముఖ్యమైన కనుమకు హోఖ్‌టోర్ అని పేరు. ఎత్తు 2,504 మీటర్లు. మన తిరుమలకన్న ఇంచుమించు మూడింత లెత్తన్నమాట. 1933లో అచ్చట పని జరుగుచుండగా భూమిలో హెర్క్యులిస్ అను రోమనుల దేవవీరుని చిన్న కంచు ప్రతిమ దొరకెను. ప్రాణములతో కనుమ దాటించుమని ప్రార్థించియో, దాటితిమన్న కృతజ్ఞతతోనో ఏ బాటసారియో దానిని సమర్పించియుండును. మన ఘాట్ల మొదటను చివరను చిన్న గుడులు కట్టి, బండి ఆపి టెంకాయ కొట్టుట మీ రెఱుగుదురు. దేశములు వేఱైనను కొండముందు నరుని మనస్సొకటియే. మధ్యయుగములలో వర్తకులు గుఱ్ఱముల వీపులమీద సరకులు వేసికొని ఆ దారినే పోయిరి. ఉత్తరమునుండి ఉప్పు దక్షిణమునకును, వెనిసు నగరపు సుగంధద్రవ్యములు, గాజుసామానులు ఉత్తరమునకును సాగెడివి. తరువాత మేలైన దారులు వేఱుచోట్ల ఏర్పడగా ఈ కనుమను లోకము మఱచెను.

ఇక బాటనిర్మాణ కథకు వత్తము. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున ఆస్ట్రియా ఓడిపోయెను. అయిదుకోట్ల జనముగల సామ్రాజ్యము ముక్కలై, కోటికి తక్కువ జనముగల చిన్న రాజ్యము మిగిలెను. నాణెము విలువ పడిపోయి, కూడబెట్టుకొనిన సొమ్ము చిత్తుకాగితమయ్యెను. అట్టి దేశములో 1924న కొందఱు ఈ కనుమమీదుగా కారుబాట వేయవలెనని తలపెట్టిరి. జనులు నవ్విరి. కార్లెన్ని యున్నవి? అవి యీ మంచుకొండమీదికి ఏల పోవును? అటునుండి ఇటు మోయవలసిన సరకేది? ఈ ప్రశ్నలు తెలివిమాలినవి కావు. మన గ్రామములోనే యట్టి ప్రతిపాదన వచ్చినచో మనమును ఇవే అడుగుదుము.

బాటకు కొలతలు వేసినవాడు ఫ్రాంజ్ వాలాక్ అను ఇంజనీరు, 1887లో జన్మించెను. అతడు గదిలో కూర్చుండి గీతలు గీసినవాడు కాడు. ఆల్ప్స్ పర్వతములలో అంతకుముందున్న కనుమదారులను తిరిగి చూచి వాని లోపములను గ్రహించెను. పాతదారులు గుఱ్ఱపుబండ్లకై వేసినవి. వాని మలుపులు మిక్కిలి ఇఱుకు. పొడవైన మోటారుబండి ఒక్కమాఱుగా తిరుగలేక, వెనుకకు పోయి మఱల ముందుకు రావలసియుండెను. కావున వాలాక్ తన మలుపులను విశాలముగా ఏర్పఱచి, అవి సాధ్యమైనంత చదునుగా నుండునట్లు చేసెను. నూఱు మీటర్లు పోవునప్పటికి పండ్రెండు మీటర్లకన్న ఎక్కువ ఎత్తు పెరుగరాదని నియమించుకొనెను. నేడు ఆ స్పోర్ట్సు కారు మలుపులో సునాయాసముగా తిరుగుచున్నదన్నచో అది నడపువాని నేర్పు మాత్రమే కాదు. ఇన్నేండ్లకు ముందు మలుపును కొలిచినవాని నేర్పుగూడ.

కొలతలున్నను ధనము లేదు. 1929లో అమెరికాలోని వాటాల బజారు కుప్పకూలగా ఆ దెబ్బ ఐరోపాకును తగిలెను. కర్మాగారములు మూతపడెను. పనిలేనివారు వీధుల నిండిరి. అప్పుడు సాల్జ్‌బుర్గ్ మండలాధిపతిగా నుండిన ఫ్రాంజ్ రేర్ల్ అనునతడు ఈ బాటను గట్టిగా పట్టుకొనెను. పనిలేనివారికి ప్రభుత్వము ఎట్లును కొంత భృతి ఈయవలసినదే. ఆ సొమ్మునకు కొంత చేర్చి పనియే యిచ్చినచో వారికి కూలియు మర్యాదయు దక్కును. దేశమునకు బాట మిగులును. బాటకు సుంకము వచ్చును. ఇదియే అతని తర్కము.

శ్రోతలారా, ఇది మన కెఱుగని పద్ధతి కాదు. 1876–78లో వచ్చిన ధాత కఱవునాడు చెన్నపట్టణమునందలి బకింగుహాము కాలువ భాగమును కఱవుపనిగా త్రవ్వించిరి. ఆకలిగొన్నవాని చేతికి గడ్డపార యిచ్చి కాలువలును చెఱువులును త్రవ్వించుట ఈ దేశమున పాతమాటయే. అయితే కాలువ సరకును మోయును, చెఱువు పైరును పండించును. విహారమునకై వేయు బాటను కఱవుపనిగా చేయవచ్చునా? ఈ ప్రశ్నను మీరును మనస్సున నుంచుకొనుడు.

1930 ఆగస్టు 30వ తేదీన ఫెర్‌లైటెన్‌లో మొదటి మందుపాతర ప్రేలెను. మఱుసటి యేడు మే నెలలో వియన్నాలోని క్రెడిట్ అన్‌స్టాల్ట్ అను మహాబ్యాంకు కూలి, దేశము మఱింత దైన్యమున బడెను. అట్టి గడ్డుదినములలోనే పని సాగినది. సుమారు 3,200 మందికి ఆ బాట కూడు పెట్టెను. మంచు కరగినపిదప మఱల కురియువఱకు గల కొలదినెలలే వారికి పనికాలము. కొండమీదనే కొయ్యపాకలలో కాపురముండి, వేసవిలో సయితము విసరు మంచుగాలుల నోర్చుకొని, 8,70,000 ఘనమీటర్ల మట్టిని ఱాతిని వారు కదలించిరి. 67 వంతెనలు కట్టిరి. వారిలో కొందఱు తిరిగి యింటికి పోలేదు.

1934 సెప్టెంబరు 22వ తేదీన, పని యింకను మిగిలియుండగనే, రేర్ల్‌ను వాలాక్‌ను ఒక చిన్న స్టేయర్ కారులో కూర్చుండి మొదటిమాఱు కనుమ దాటిరి. 1935 ఆగస్టు 3వ తేదీన బాట ప్రజలకై తెఱవబడెను. మఱునాడే దానిమీద పందెము జరిగినది. 19.5 కిలోమీటర్ల యెక్కుడుదారిని ఇటలీ దేశీయుడైన మారియో తాదీని ఆల్ఫా రోమియో కారులో పదునైదు నిమిషములలోపల ముగించి గెలిచెను. నాటినుండి వేగప్రియులకు అది తీర్థస్థానమయ్యెను. రెండవ మహాయుద్ధము ముగిసినపిదప అదే కారింథియా మండలమున, గ్మ్యూండ్ అను చిన్నయూర, పోర్షే సంస్థవారు తమ పేరిట మొదటి స్పోర్ట్సు కారును తయారుచేసిరి. 1948 జూన్ 8వ తేదీన దానికి రోడ్డెక్కుటకు అనుమతి లభించెను. శక్తి 35 గుఱ్ఱములకు సమానము. బరువు ఆఱువందల కిలోలకు లోపు. అంత తేలికగా నున్నందుననే చిన్న ఇంజనుతో కొండనెక్క గలిగెను. కొండలనడుమ పుట్టిన బండికి కొండయే మొదటి పరీక్ష గదా!

ఇంతవఱకు విజయగాథ. రెండవ పక్షమును చెప్పనిచో చరిత్ర కాదు, స్తోత్రమగును.

1918లో విల్లాక్ నగరవాసియైన ఆల్బర్ట్ విర్త్ అను కలపవర్తకుడు గ్రోస్‌గ్లోక్నర్ పరిసరముల భూమిని కొని, దానిని ఎన్నటికిని సహజస్థితిలోనే యుంచవలెనని కోరి, ఆల్ప్స్ పర్వతసంఘమువారికి దానమిచ్చెను. చెట్లమ్మి ధనము గడించినవాడే కొండను కాపాడగోరుట గమనింపదగినది. కొండలోనికి కారుబాటలు చొచ్చుకొనిపోరాదన్నవారి మాట యిట్టి కోరికలోనుండి పుట్టినది. పాస్టెర్ట్‌సె అను మంచునది ఆస్ట్రియాలో మిక్కిలి పెద్దది. బాట యొక శాఖ దానికెదురుగా 2,369 మీటర్ల ఎత్తున ముగియును. 1963లో యాత్రికులను అచ్చటినుండి మంచు అంచునకు దింపుటకై పట్టాలబండి నొకదానిని ఏర్పఱచిరి. నేడు ఆ బండి దిగిన చోటికి మంచు చాల దూరమున, చాల దిగువన నున్నది. పందొమ్మిదవ శతాబ్దిమధ్యమునుండి ఆ మంచునది తన విస్తీర్ణములో ఇంచుమించు సగమును పోగొట్టుకొనినది. లోకమంతట కాల్చబడు బొగ్గుపొగయు నూనెపొగయు భూమిని వేడెక్కించుటయే నేటి కరగుదలకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ తెల్లవాఱుజామున మంచునది అందమును చూడవచ్చిన కారుగూడ, తనవంతు స్వల్పమే యైనను, దానిని కరగించుచున్నది. ఇది తలచుకొన్నచో మనస్సు కలగకమానదు.

అట్లయిన ఆ బాట వేయరాదా? నాకు తోచినది చెప్పెదను. 1930లో వేలమంది ఆకలితో నుండగా, పనియు అన్నమును పెట్టిన బాట తప్పని యనుటకు నాకు నోరురాదు. సుంకమిచ్చి వచ్చు యాత్రికులవలన ఆ లోయలలోని గ్రామములు నేటికిని జీవించుచున్నవి. కాని నాటి అవసరము నేటి యధికారముగా మాఱరాదు. పరులు ప్రాణమొడ్డి వేసిన దారిలో, కరగిపోవుచున్న కొండయెదుట, వేగమునే ఘనతగా చెప్పుకొనుట తగదు. మెల్లగా నెక్కువానికే ఆ కొండ కనబడును.

వేసినవారి గతి యేమయ్యెనో వినుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించినపుడు రేర్ల్ పదవి పోయెను. 1944లో వారు అతనిని బంధించిరి. యుద్ధానంతరము విడుదలపొందినను, 1947లోనే మరణించెను. వాలాక్ చాలకాలము జీవించెను. బాటను విడిచి యూరకుండలేదు. తొలియేండ్లలో ప్రతివసంతమున 350 మంది 70 దినములు పారలతో మంచు తీసినగాని దారి తెఱపి కాకుండెడిది. 1953లో అతడు మంచును చిమ్మి దూరముగా విసరు యంత్రములను తానే కల్పించి ఆ శ్రమను తగ్గించెను. అతని పేరిటి యంత్రములు ఇప్పటికిని పనిచేయుచున్నవి.

కూలివారి కేమి మిగిలెను? కనుమకు ముందు ఫూషర్ ట్యోర్ల్ అనుచోట, 2,428 మీటర్ల ఎత్తున, ఱాతితో కట్టిన చిన్న స్మారకమందిర మొకటి యున్నది. క్లెమెన్స్ హోల్ట్స్‌మైస్టర్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి దానిని రూపొందించెను. బాట వేయుచు ప్రాణములు కోల్పోయినవారికై అది నిలుపబడినది. తెల్లవాఱుజామున వచ్చిన కారు ఆ చోట ఒక్కనిమిషము ఆగి, ఇంజను చప్పుడు మానినచో, గాలి తప్ప మఱియేమియు వినబడదట.

మన తిరుమలకొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో ఏర్పడెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దానికి రూపకల్పన చేసిరి. విచిత్ర మేమన, ఆ రోడ్డుకును పెద్ద మలుపులు 36 అనియే లెక్క. మా నాయనమ్మ రోడ్డు లేనినాట మెట్లదారిని నడచి కొండనెక్కినది. నేను బస్సులో కూర్చుండి అనేకపర్యాయములు ఎక్కి దిగితిని. దైవమునకు మ్రొక్కితిని; కాని ఆ కొండచరియను చెక్కినవారెవరని ఒక్కమాఱైనను తలచినవాడను కాను. గ్రోస్‌గ్లోక్నర్ చరిత్రము చదివినపిదప నాకు సిగ్గు కలిగినది.

ఈసారి కొండనెక్కునపుడు, మొదటి మలుపునొద్ద, ఆ పేరులేనివారికి గూడ ఒక నమస్కారము చేయదలచితిని. మీరును చేయుదురని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.