సింగపూరు జాతీయపుష్పం - దొరికినదా? పెంచినదా?

అమరకోశంలోని వనౌషధివర్గాన్ని వల్లించినవారికి ‘వందా’ అనే పదం తెలిసే ఉంటుంది. వృక్షాదని, వృక్షరుహ దాని పర్యాయపదాలు. చెట్ల కొమ్మలపై మొలిచే బదనికకు అది పేరు. సంస్కృతాభిమాని సర్ విలియం జోన్స్ ఈ పదాన్ని ఒక ఆర్కిడ్ మొక్కకు వాడగా, 1820లో రాబర్ట్ బ్రౌన్ దానిని వృక్షశాస్త్రంలో ఒక ప్రజాతి నామంగా స్థిరపరచాడు. చెట్టుపై మొలిచేదనే అర్థంలో వృక్షరుహ అన్న మాట ఆ మొక్కలకు సరిపోతుంది గాని, చెట్టును తినేదనే అర్థంలో వృక్షాదని అనడం అపవాదు. బదనిక చెట్టు సారాన్ని పీలుస్తుంది. ఆర్కిడ్ ఆశ్రయాన్ని మాత్రమే కోరుతుంది.

ఆ సంస్కృత పదం సింగపూరు జాతీయపుష్పం పేరులో నిలిచి ఉన్నది. ఆ పుష్పం ‘వందా మిస్ జోవాకిమ్’. 1981 ఏప్రిల్ 15న నాటి సాంస్కృతిక మంత్రి ఎస్. ధనబాలన్ ఈ ఎంపికను ప్రకటించారు. పరిశీలనకు వచ్చిన 40 పూలలో 30 ఆర్కిడ్లే. వర్ణశోభ, ఎండకు తట్టుకొనే దార్ఢ్యం, సంవత్సరం పొడవునా పూచే గుణం దీనికి ఆ గౌరవాన్ని తెచ్చాయి. ఇది సంకరజాతి పుష్పం. జాతీయపుష్పాలలో ఇట్టిది అరుదు.

ఇంతకీ ఈ మిస్ జోవాకిమ్ ఎవరు? 1854లో సింగపూరులో ఒక ఆర్మీనియా వంశీయుల కుటుంబంలో పుట్టిన ఆగ్నెస్. తోటపనిలో పేరెన్నిక గన్న స్త్రీ. 1893లో ఆమె ఒక కొత్త పువ్వును అక్కడి ఉద్యానవనాధిపతి హెన్రీ రిడ్లీ వద్దకు తీసుకొనిపోయింది. బర్మా ప్రాంతపు వందా టెరిస్, మలయా ప్రాంతపు వందా హుకెరియానా దాని జననీజనకులు. రిడ్లీ దానిని పరీక్షించి, ఆమె ఈ రెండు జాతులను సంకరపరచడంలో సఫలురాలైనదని వ్రాసి, పువ్వుకు ఆమె పేరే పెట్టాడు. ఆ వ్యాసం 1893 జూన్ 24న లండన్ పత్రిక ‘గార్డనర్స్ క్రానికల్’లో వెలువడింది.

కాలక్రమంలో వేరొక కథ పుట్టింది. ఒకనాటి ఉదయం ఆమె తోటలో తిరుగుతూ వెదురు పొదలో ఈ పువ్వును చూచిందట! కొందరు శాస్త్రజ్ఞులు కూడా ఇది తుమ్మెదల వలన సహజంగా కలిగిన సంకరమే కావచ్చునని వాదించారు. అది అసంభవం కాదు. అయితే స్వయంగా మొక్కను పరీక్షించిన రిడ్లీ సమకాలంలో వ్రాసిన మాటను త్రోసిపుచ్చడానికి, ఎన్నో ఏండ్ల తరువాత వినవచ్చిన కథ చాలునా? చరిత్ర చదువుకొనేవారు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం.

ఆ పని ఎంత కష్టమో కూడా తలచుకోవాలి. ఆర్కిడ్ విత్తనం ధూళికణమంతటిది. మొలకకు ఆహారమిచ్చే పదార్థం అందులో లేదు. ఒక శిలీంధ్రం సాయపడితేనే మొలకెత్తుతుంది. ఆ సంగతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ 1899లో గాని కనుగొనలేదు. అంతకు ఆరేండ్ల ముందే ఆమె పువ్వు లోకానికి తెలిసింది. ఇంతటి సహనాన్ని ‘పొదలో దొరికింది’ అన్న ఒక్క మాటతో తుడిచివేయడం తేలిక. స్త్రీల నైపుణ్యాన్ని అదృష్టంగా చెప్పుకోవడం లోకానికి కొత్త కాదు గదా!

1899లో పుష్పప్రదర్శనలో అత్యంత అరుదైన ఆర్కిడ్‌గా దీనికి ప్రథమ బహుమతి లభించింది. అదే ఏడు జులై 2న ఆగ్నెస్ క్యాన్సరుతో కన్నుమూసింది. వయస్సు 45. ఆమె సమాధిశిల సింగపూరులోని ఆర్మీనియా చర్చి ఆవరణలో ఉన్నది. 2016లో సింగపూరు జాతీయ వారసత్వ సంస్థ ఈ పుష్పాన్ని సృష్టించినది ఆమెయేనని గుర్తించింది. ఆ న్యాయానికి నూటయిరవై ఏండ్లకు పైగా పట్టింది.

వృక్షశాస్త్రజ్ఞులు ఈ మొక్కను ఇప్పుడు పాపిలియోనాంథె ప్రజాతిలో చేర్చారు. అయినను వ్యవహారంలో వందా అన్న పేరు పోలేదు. చీనా భాషలో అది ‘వాన్‌దాయ్’ అయినది. ఆ అక్షరాలకు పదివేల తరాలు అని అర్థం. సంస్కృత పదం, ఆర్మీనియా పేరు, బర్మా-మలయా రక్తం, చీనా అర్థం! వలస వచ్చినవారు నిర్మించుకొన్న దేశానికి ఇంతకంటె తగిన పుష్పం ఏముంటుంది? అయితే వీటిని ఒకచోట చేర్చిన చేయి ఎవరిదో మరువకుండుట మన వంతు.