ఒంగోలు కొండ నుండి నేటాలు తోటల వరకు

సముద్రాలు దాటి వచ్చిన మన పెద్దలు వెంట తెచ్చుకున్న సామాను బహు కొద్ది. తమ దైవాన్ని పిలుచుకునే మాటలు మాత్రం ఎవరూ మరచి రాలేదు. కొందరు వేంకటేశ్వరుని తలచుకుని ఓడ ఎక్కారు, కొందరు ఊరి అమ్మవారికి మొక్కి ఎక్కారు, కొందరు యేసు ప్రభువును ప్రార్థించి ఎక్కారు. మన సభల్లో మొదటి రెండు సంప్రదాయాల ముచ్చట్లు తరచుగా వింటూనే ఉన్నాము. మూడవదాని చరిత్ర కూడా మనదే గనుక, ఈ సంచికలో దానిని కొంత చెప్పుకుందాము.

క్రైస్తవుల వాడుకలో విజ్ఞాపన ప్రార్థన అనే మాట ఉంది. తన కోసం కాక ఇతరుల కోసం, పేరు పెట్టి, దేవుని వేడుకొనడమని దాని అర్థం. పొరుగింటి బిడ్డకు జబ్బు చేస్తే తన బిడ్డకైనట్లే మొక్కుకునే తల్లులు మన అన్ని ఇళ్ళలోనూ ఉన్నారు. కాబట్టి ఈ భావం ఏ మతం వారికీ కొత్తది కాదు. అయితే తెలుగునాట ఈ ప్రార్థన పేరుతోనే ఒక కొండ ప్రసిద్ధి కెక్కింది. అది ఒంగోలులో ఉంది.

అమెరికా బాప్తిస్టులు పంపిన శామ్యూల్ డే అనే బోధకుడు 1836లో తెలుగువారి మధ్యకు వచ్చారు. ఆయన 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. పదేళ్ళు దాటినా సంఘంలో చేరినవారు వేళ్ళ మీద లెక్కించదగినంత మందే. ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ అని అమెరికాలోని పెద్దలు విసిగిపోయారు. ఈ మిషనును మూసివేయాలా అని 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన వార్షిక సభలో గట్టిగా చర్చించారు. పటంలో తెలుగు మిషను ఒంటరి నక్షత్రంలా కనబడుతున్నదని ఆ సభలో ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే కవి ఒక గీతం రాశారు. అది సభవారి మనసు మార్చింది. నాటి నుండి దానికి ‘ఒంటరి నక్షత్రపు మిషను’ అనే పేరు నిలిచిపోయింది.

మరుసటి సంవత్సరాది నాడు, అనగా 1854 జనవరి 1న తెల్లవారుజామున, ఐదుగురు మనుషులు ఒంగోలు ఊరి పక్కనున్న కొండ ఎక్కారు. వారిలో ఇద్దరు లైమన్ జ్యూయెట్ దొర, ఆయన దొరసాని. మిగిలిన ముగ్గురు మన తెలుగువారు. వారి పేర్లు నర్సు, జూలియా, రూతు. కింద కనబడే ఊరి కోసం, చుట్టుపక్కల పల్లెల కోసం, ఆ చోటికి ఒక బోధకుడు రావాలని, ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు. అప్పటికి ఒంగోలులో మిషనూ లేదు, సంఘమూ లేదు. కొండ దిగి తమ దారిన నెల్లూరు చేరారు.

ఆ ప్రార్థనకు ఫలితం వెంటనే రాలేదు. 1862లో మిషనును మూసే ప్రస్తావన మళ్ళీ వచ్చింది. జ్యూయెట్ దొర ఒప్పుకోలేదు. అవసరమైతే ఒంటరిగానైనా తిరిగి వెళ్తానని పట్టుబట్టారు. 1865లో జాన్ క్లౌ అనే యువకుడు వచ్చారు. పూర్వం అమెరికాలో భూముల సర్వే పని చేసినవారు ఆయన. 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న, కొండ మీది ప్రార్థనకు సరిగ్గా 13 ఏళ్ళకు, ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

అదంతా కొండ మీది ప్రార్థన మహిమేనని భక్తులు అంటారు. చరిత్ర చదివేవారు మరికొన్ని కారణాలు కూడా చూడాలి. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పెరయ్య అనే మాదిగ కులస్థుడు తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరు ప్రాంతంలో క్రైస్తవ బోధ విన్నాడు. అంతకు ముందే యోగమార్గపు గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు కూడా. ఆయన తన బంధువుల పల్లెలకు ఈ బోధను తానే మోసుకుపోయాడు. ఊరి బావి దగ్గరకు రానివ్వని జనానికి నలుగురితో సమానంగా కూర్చునే చోటు దొరకడం చిన్న సంగతి కాదు.

తరువాత 1876లో ధాత కరువు వచ్చింది. 1878 దాకా మద్రాసు రాజధానిలో లక్షల మంది ఆకలికి, కలరాకు బలి అయ్యారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. పలుగు పార దించిన వేళ కూలీలకు వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని జనం ఎంత అడిగినా, గింజల కోసం చేరారన్న మాట రాకూడదని, కరువు సహాయం సాగినంత కాలం ఆయన నిరాకరించారు. ఆ సహాయం ముగిసిన పిమ్మటనే ఒప్పుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆనాడు నీళ్ళలో నిలిచి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు.

మరి ప్రార్థన చేసిన పని ఏమిటి? మా ఆలోచనకు తోచినది ఇది. ఫలితం కనబడని ఆ పన్నెండు పదమూడేళ్ళు, ఎవరి కోసం ప్రార్థించారో ఆ జనాన్ని వదలి పోకుండా, అది ప్రార్థించినవారిని కట్టి ఉంచింది. దొరలు పోతామన్నా రావడానికి, ఉండడానికి ఒక కారణం మిగిలింది. కరువు రోజున కాలువ గట్టున నిలబడడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు.

ఈ కథ ఇక్కడితో ఆగక మన దాకా వచ్చింది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుండి డర్బను చేరింది. అది మొదలు 1911 వరకు 152,184 మంది గిరిమిటు మీద నేటాలుకు వచ్చారు. తోట యజమాని పుస్తకంలో ప్రతి కూలీకీ ఒక నెంబరు ఉండేది. వారిలో తెలుగు బాప్తిస్టులు కూడా ఉన్నారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో పని ముగిశాక వారు తమలో తామే కూడుకుని ఆరాధించేవారు. తమకొక కాపరిని పంపమని స్వదేశానికి జాబులు రాశారు. అక్కడి తెలుగు సంఘాలవారు అమెరికా వైపు చూడకుండా, తామే స్థాపించుకున్న హోం మిషన్ సొసైటీ ద్వారా, నెల్లూరు వాస్తవ్యులు జాన్ రంగయ్యగారిని 1903లో పంపారు. ఆ ఏటి డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. 50 ఏళ్ళ క్రితం ఎవరి కోసమైతే కొండ మీద మోకరించారో, ఆ జనమే ఇప్పుడు దూరాన ఉన్న తమవారి కోసం ప్రార్థించి, మనిషిని పంపింది. నెంబర్లతో పిలిపించుకునే కూలీలను ఆరాధనలో పేరు పెట్టి తలచుకున్నారు.

రంగయ్యగారు 1915లో పరమపదించారు. నేడు మన ఇళ్ళలో చాలామంది పిల్లలు ఇంగ్లీషులోనే ప్రార్థిస్తున్నారు. అందుకు వారిని తప్పు పట్టలేము. అయినా అవ్వలు పడుకునే ముందు తెలుగులో ఒక్కొక్కరి పేరూ చెప్పి దేవునికి అప్పగించే ప్రార్థనలో మన వంశాల పట్టిక దాగి ఉంది. అవ్వ పోతే ఆ పట్టిక కూడా పోతుంది. ఇంట్లో అటువంటి పెద్దలుంటే, వారు దీపం దగ్గర కూర్చునేవారైనా, బైబిలు దగ్గర కూర్చునేవారైనా, ఈ పండుగ సెలవుల్లో వారి పక్కన కూర్చుని ఆ పేర్లు రాసుకోండి. ఊరి పేరు, ఓడ పేరు, తోట పేరు కూడా అడగండి. వచ్చే సంచికలో వాటిని అచ్చు వేసుకుందాము.